తాళం వేసిన లైబ్రరీలో చదరంగం

ఫిలడెల్ఫియా,
డిసెంబరు 7.

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న ఫోన్‌లో నేను ఓ బీదబడి పిల్లలకి ఊరికే చెస్ నేర్పుతున్నానంటే మీరు "అంత డబ్బున్న దేశంలో బీదబడి ఏమిటే?" అని అడిగారో లేదో, అమ్మ ఫోన్ లాక్కుని ఆవకాయ అందిందా లేదా అని మొదలుపెట్టింది. అందిందని చెప్పండి. మూత దగ్గర కాస్త నూనె కారింది గానీ ఊట బాగానే ఉంది. మీ ప్రశ్నకి ఫోన్‌లో జవాబు చెప్పబోతే మధ్యలో ఇంకో పది ప్రశ్నలు వేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నా.

ఇక్కడ బడి నడిపే డబ్బులో పెద్ద వాటా ఆ చుట్టుపక్కల ఇళ్ళ మీద వేసే పన్నుల నుంచి వస్తుంది. మా పెన్సిల్వేనియా రాష్ట్రంలో 500 స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ఒక్కో ప్రాంతపు బడుల్ని నడిపే సంస్థలు, ఉన్నాయి. ఖరీదైన ఇళ్ళున్న చోట కొద్దిపాటి పన్ను వేసినా బోలెడు డబ్బు. పాత ఇళ్ళూ మూతపడ్డ ఫ్యాక్టరీలూ ఉన్న చోట ఎంత పిండినా రాలదు. రాష్ట్రమూ కేంద్రమూ కొంత ఇస్తాయి కానీ ఆ తేడా పూడదు. మా ఊరికీ పక్కనున్న డబ్బున్నవాళ్ళ శివారు లోయర్ మెరియన్‌కీ మధ్య సరిహద్దు సిటీ అవెన్యూ అనే ఒక్క రోడ్డు. దానికి ఏ పక్కన పుట్టావన్న దాన్ని బట్టి నీ బడి ఉంటుంది. ఈ సంగతి మనవాళ్ళకి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు లెండి. ఇల్లు కొనడానికి వెళ్తే వంటిల్లు చూడకముందే స్కూల్ రేటింగ్ చూస్తారు, ఎక్స్‌టన్ వైపో డౌనింగ్‌టౌన్ వైపో వెళ్ళిపోతారు. రేపు మాకు పిల్లలు పుడితే మేమూ అదే చేస్తామేమో. కాబట్టి నీతులు చెప్పను.

దీని మీద 2014లో ఆరు స్కూల్ డిస్ట్రిక్టులు, కొందరు తల్లిదండ్రులు కలిసి రాష్ట్రం మీద కేసు వేశారు. విచారణలో రాష్ట్ర సెనేట్ నాయకుడి తరఫు లాయరు ఒక స్కూల్ డిస్ట్రిక్టు సూపరింటెండెంట్‌ని ఏమడిగాడో తెలుసా? వడ్రంగి పని చేసుకునేవాడికి బయాలజీ ఎందుకు, మెక్‌డొనాల్డ్స్‌లో పనికి పోయేవాడికి ఆల్జీబ్రా ఎందుకు అని! పొగాకు బ్యారన్లలో పనిచేసేవాళ్ళ పిల్లల్ని కూచోబెట్టి బీజగణితం చెప్పిన మీరు ఆ కోర్టులో లేకపోవడం అతని అదృష్టం. చివరికి 2023 ఫిబ్రవరిలో కోర్టు ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని 786 పేజీల తీర్పు ఇచ్చింది. డబ్బు మాత్రం విడతలవారీగా వస్తుందట. విడతలంటే మీకు నేను చెప్పాలా, మీ పీఆర్సీ బకాయిలు ఎలా వచ్చాయో చూశాంగా.

ఇక నేను వెళ్ళే బడి. నార్త్ ఫిలడెల్ఫియాలో ఉంది, ఎర్ర ఇటుకల పాత కట్టడం, ఎత్తు కిటికీలు. డిసెంబరులో కూడా కిటికీలు తెరిచే ఉంటాయి. ఎందుకంటే గోడవార ఉన్న ఆవిరి రేడియేటర్లని తగ్గించే మార్గం లేదు, భగభగమంటూ టంగుటంగుమని మోగుతుంటాయి. సెప్టెంబరులో ఎండలు ముదిరితే ఏసీ లేని బడులన్నీ మధ్యాహ్నమే వదిలేస్తారు. పిల్లలందరికీ పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ ఉచితం, అది మెచ్చుకోవాలి. సంగీతం టీచరు ఒకావిడ ఉంది, ఆవిడ రెండు బడులకి సగం సగం. లైబ్రరీ ఉంది, లైబ్రేరియన్ లేదు. అందుకని దానికి తాళం. ఆ తాళం తీయించి అందులోనే చెస్ క్లబ్బు పెట్టాం, మంగళవారం, గురువారం, మూడింటికి బడి వదిలాక. నా వీసా మీద జీతం తీసుకోకూడదు, ఊరికే పనిచేస్తే ఎవరూ కాదనరు. పిల్లల దగ్గరికి వెళ్ళాలంటే పోలీసు రికార్డు, పిల్లల్ని హింసించిన కేసులేమీ లేవన్న కాగితం, రాష్ట్రంలో పదేళ్ళు నివాసం లేనివాళ్ళకి ఎఫ్‌బీఐ వేలిముద్రలు కూడా. అంతా అయ్యేసరికి నెలలు పట్టింది.

మూడింటికి పిల్లలు ఆకలి మీద ఉంటారు. మొదట్లో పల్లీ చిక్కీ తీసుకెళ్దామనుకున్నాను, ప్రిన్సిపాల్ గారు కంగారుపడి వద్దన్నారు. ఇక్కడ పల్లీ పడనివాళ్ళు చాలామంది, అసలు గడప దాటనివ్వరు. ఇప్పుడు కమలాలూ, ఈ ఊరి మెత్తని ప్రెట్జెల్సూ. ఎత్తు వేసే ముందు చేతులు తుడుచుకోవాలన్నది మా క్లబ్బులో మొదటి రూలు. నా పేరు వాళ్ళ నోరు తిరగక "మిస్ చెస్" అని పిలుస్తారు. కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ చెస్ టైటిల్ గెలిచిన వీడియో చూపించి, మా గుంటూరు పక్కనే గుడివాడ అమ్మాయి అని చెప్పాను. హారిక, హరికృష్ణ అయితే అచ్చం మా గుంటూరే అన్నాను. "మీ ఊళ్ళో అందరికీ వచ్చా?" అన్నాడొకడు. మా వదినకి రాదు అన్నా.

మొన్న గురువారం ఒక సంగతి జరిగింది. ఐదో తరగతి పిల్లాడు, అన్ని పావులూ కొట్టేసి తన మంత్రీ రాజూ మిగుల్చుకున్నాడు. ఎదుటి అమ్మాయికి మూలన నక్కిన రాజొక్కటే. వీడు పక్కవాళ్ళకి నవ్వుతూ చూపించి మంత్రిని తెచ్చి రెండడుగుల దూరంలో దించాడు. ఆ పిల్ల వేలు రాజు తల మీద పెట్టి ఒక్కో గడి వైపూ వంచి చూసింది. ఎక్కడికీ పోవడానికి లేదు. చెక్ కూడా లేదు. అలా అయితే ఆట సమానమే, స్టేల్‌మేట్. గడియారం ఆపి "డ్రా" అంది. వాడికి ఒళ్ళు మండింది. "నా దగ్గర మంత్రి ఉంది, దాని దగ్గర ఏమీ లేదు!" అని బల్ల గుద్దాడు. నేను నోరు విప్పే లోపే ఆ పిల్ల, "ఏమీ లేకపోబట్టే" అంది. ఇప్పుడు సమస్యేమిటంటే ఓడిపోతున్న ప్రతివాడూ స్టేల్‌మేట్ కోసం కాచుక్కూచుంటున్నాడు, ఆట చివర ఎలా ముగించాలో నేర్చుకోవడం మానేసి.

ఒక మనవరాల్ని తీసుకెళ్ళడానికి వచ్చే తాతగారొకాయన, రిటైరైన సిటీ బస్సు డ్రైవరు, తలుపు దగ్గర నిలబడి చూస్తుండేవారు. ఒకరోజు ఉండబట్టలేక "ఆ గుర్రాన్ని వదిలేశావు" అన్నారు. ఈ పేటలోనే వాక్స్ జూనియర్ హైస్కూల్లో చదివారట. ఆ బడి పిల్లలు 1977 నుంచి 1983 దాకా వరసగా ఏడేళ్ళు దేశంలో జూనియర్ హైస్కూల్ చెస్ చాంపియన్లు! తను టీములో లేనని, టీమువాళ్ళ చేతిలో రోజూ ఓడిపోయేవాడినని నవ్వారు. 2013లో డబ్బుల్లేవని నగరంలో ఇరవైకి పైగా బడులు మూసేసినప్పుడు ఆ బడీ మూతపడింది. నాలుగేళ్ళకి ఇంకో రూపంలో తెరిచారు. ఈ పేట పిల్లలకి చెస్ తెచ్చిపెట్టింది నేనే అన్నట్టు మాట్లాడేవాళ్ళకి ఈ కథ చెబుతున్నాను. ఆయన ఇప్పుడు ప్రతి గురువారం వస్తారు.

మీతో తప్ప ఎవరితోనూ అనలేని మాట ఒకటి. ప్రిన్సిపాల్ గారు కనిపించినప్పుడల్లా థాంక్స్ చెబుతారు, నాకు ఇబ్బందిగా ఉంటుంది. పర్మనెంటు పోస్టు నింపకుండా విద్యా వాలంటీర్ని పెట్టి నడిపిస్తున్నారని మీరు మండిపడేవారు గుర్తుందా? ఆ పిల్ల మీద కాదు, ఆ ఏర్పాటు మీద. ఇప్పుడు ఆ పిల్లని నేనే. పైగా ఆ పిల్లకి కాస్తో కూస్తో గౌరవ వేతనమైనా ఉండేది. నాకు వర్క్ పర్మిట్ వచ్చి ఉద్యోగంలో చేరితే, మీ అల్లుడికి ఇంకో ఊరు పడితే, మంగళవారం మూడింటికి ఆ తాళం ఎవరు తీస్తారు? మా తెలుగు సంఘం పెద్దాయన ఒకరు పది చెస్ సెట్లు పట్టుకొచ్చారు, వాటికంటే పెద్ద బ్యానరు కూడా. ఫోటో అయ్యాక బ్యానరు మడిచి తీసుకెళ్ళిపోయారు. సెట్లు మంచివే, కాదనను. కానీ బడికి కావలసింది జీతమిచ్చి పెట్టుకున్న లైబ్రేరియను. వచ్చే నెల స్కూల్ బోర్డు మీటింగులో తల్లిదండ్రులు ఆ మాటే అడగబోతున్నారు. మైకు దగ్గర మాట్లాడేది తాతగారు. నేను కాగితాలు అందిస్తాను, అంతే. వీసా మీద ఉన్నదాన్ని, నా గొంతు కంటే అక్కడ పుట్టినవాళ్ళ గొంతు గట్టిది.

ఈ లోపు మీ నుంచి నాకో సాయం కావాలి. బీరువాలో అట్ట చిరిగిన మీ నోటుపుస్తకం ఉంటుంది, రాజూ బంటూ మిగిలినప్పుడు ఎలా ముగించాలో పెన్సిలుతో గడులు గీసి పెట్టింది. ఆ పేజీలు తమ్ముడి చేత ఫోటోలు తీయించి వాట్సాప్‌లో పంపించండి. మీ తెలుగు రాతలు ఉన్నా ఫర్వాలేదు, బొమ్మలు చాలు. వాడికి వెలుతురులో తీయమని చెప్పండి, పోయినసారి మీ బీపీ చీటీ పంపితే ఒక్క అక్షరం కనబడలేదు.

మందులు టైముకి వేసుకోండి. అమ్మకి నమస్కారాలు.

మీ చిన్నమ్మాయి