క్యాన్సర్ పొడుల అమ్మకాలకు అడ్డుకట్ట వేయాలి

తిరుపతి బస్టాండు పరిసరాల్లో ఉసిరి, పసుపు పొడులను ‘యాంటీ ఆక్సిడెంట్లు, క్యాన్సర్ తగ్గిస్తాయి’ అంటూ బాహాటంగా అమ్ముతున్నారు. డబ్బా మీద లైసెన్సు నంబరు లేదు, ఏది ఎంత కలిపారో లేదు. వాటిని నమ్మి కీమో మధ్యలో మానేసిన మనిషి మా వీధిలోనే ఉన్నారు. మొక్కల్లో మందు లేదనడం లేదు. మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వచ్చింది. అయితే దాన్ని శుద్ధి చేసి, కొలిచిన మోతాదులో డాక్టర్లే నరానికి ఎక్కిస్తారు. యాంటీ ఆక్సిడెంట్ అయినంత మాత్రాన మేలే చేస్తుందనీ లేదు. పొగతాగేవారికి బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఇంకా పెరిగిందని 1994లో ఫిన్లాండ్ పరిశోధన తేల్చింది. క్యాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. ఔషధ నియంత్రణ అధికారులు వెంటనే తనిఖీలు చేసి కేసులు పెట్టాలి. తిరుపతి స్విమ్స్ సహా క్యాన్సర్ చికిత్స చేసే ఆసుపత్రుల ఓపీల్లో ‘ఏ పొడులు, కషాయాలు వాడుతున్నారో డాక్టరుకు చెప్పండి’ అని పెద్ద తెలుగు బోర్డులు పెట్టాలి.

– ఒక పాఠకురాలు, తిరుపతి