అలకి పద్దెనిమిది వేలు అక్కర్లేదు

సంపాదకుడిగారికి నమస్కారం.

మా వీధిలో ఇంటర్ చదివే కుర్రాడొకడు నిరుడు ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాడు. హైస్కూల్లో నా దగ్గర ఫిజిక్స్ చదువుకున్నవాడే. ఒక షాపులో ‘లైవ్ కోరల్’ అని అరచేతంత పగడపు రాయి అంటగట్టారు. మూడు వారాలు కూడా బతకలేదు. నేను చూసేసరికి పైన కండంతా ఊడిపోయి తెల్లటి సున్నపు ఎముక బయటపడింది, సందుల్లో గోధుమరంగు నాచు పట్టింది. మళ్లీ వెళ్లి అడిగితే ‘వేవ్ మేకర్ పెట్టలేదుగా, అందుకే పోయింది’ అన్నారట. ట్యాంకులో అలలు పుట్టించే ఆ యంత్రం ధర పద్దెనిమిది వేలు. అది కావాలన్న మాట పగడం అమ్మే ముందు చెప్పలేదు. అసలు ఆ రాయి అమ్మకూడదన్న మాటే చెప్పలేదు. రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972లో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి. పులి ఉన్నదీ అందులోనే. మన్నార్ సింధుశాఖలోనో, అండమాన్‌లోనో పెరిగినదాన్ని పీకి తెచ్చి విజయవాడలో చంపుకున్నామన్న బాధ నాకు ఇంకా పోలేదు.

పగడం రాయిలా కనిపించినా జంతువే. ఉన్నచోటు నుంచి కదల్లేదు కాబట్టి తిండి, ఆక్సిజన్ నీళ్లే తెచ్చివ్వాలి. ఒంటి మీది జిగురునీ చెత్తనీ నీళ్లే కడిగిపోవాలి. మోటారు పెట్టి ఒకే వైపు ధారగా కొడితే చాలదు. ధార తగిలే పక్క కండ దెబ్బతింటుంది, రెండో పక్క మురికి పేరుకుంటుంది. అల వచ్చి వెనక్కి పోయినట్టు నీళ్లు ఊగాలి. పగడానికి చుట్టమై, పువ్వులా విచ్చుకునే సీ అనిమోన్‌కైనా ఇంతే. దాన్ని పెంచుకోవడానికి చట్టం అడ్డురాదు.

ఈ ఊపుకి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. బుట్టలో కృష్ణుణ్ణి ఎత్తుకున్న వసుదేవుడి బొమ్మ ఉండే పాత్ర చాలామంది చూసే ఉంటారు. పోసిన నీళ్లు కృష్ణుడి పాదం తాకగానే పాత్ర మొత్తం ఖాళీ అయిపోతుంది. లోపల దాచిన వంపు గొట్టం నిండగానే నీళ్లన్నిటినీ లాగేస్తుంది. అదే సైఫన్. హవాయిలోని వైకీకీ అక్వేరియంలో పనిచేసిన బ్రూస్ కార్ల్సన్ ఈ సూత్రంతోనే అలలు పుట్టించారు. ఆ పరికరాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

నేనూ ఆ కుర్రాడూ కలిసి మన ఇళ్లలో ఉండే 20 లీటర్ల వాటర్ క్యాన్‌తో దాన్ని చేశాం. పైభాగం కోసి, ట్యాంకుకి మూడడుగుల ఎత్తులో గట్టి స్టాండు మీద పెట్టాం. లోపల పీవీసీ పైపు, రెండు ఎల్బోలతో తిరగేసిన ‘యు’ ఆకారం. దాని రెండో కొస ట్యాంకు నీళ్లలో మునిగి ఉంటుంది. కింద నుంచి చిన్న మోటారు నిమిషానికి పదిహేను లీటర్ల చొప్పున క్యాన్ నింపుతుంది. మొదటి రోజు రెండంగుళాల పైపు వేస్తే సైఫన్ పట్టలేదు, నీళ్లు సన్నగా కారిపోతూనే ఉన్నాయి. అంగుళం పైపుకి మార్చాక నీళ్లు వంపు దాటగానే ‘గుడగుడ’మని ఒక్కసారి దిగాయి. పది, పన్నెండు సెకన్లలో క్యాన్ ఖాళీ. ట్యాంకులోని సీ అనిమోన్‌కి చేతివేళ్లలా ఉండే తంతువులన్నీ ఒక పక్కకి ఒరిగి, మెల్లగా రెండో పక్కకి తిరిగాయి. నిమిషం తర్వాత మళ్లీ అదే. ఆ పిల్లాడు రాత్రి పదింటి దాకా అక్కడి నుంచి లేవలేదు. మొత్తం ఖర్చు పదిహేను వందలు దాటలేదు.

జాగ్రత్తలూ చెప్పాలి. నాలుగడుగుల ట్యాంకులో పదిహేను లీటర్లు పడితే నీటిమట్టం దాదాపు 3 సెంటీమీటర్లు పెరుగుతుంది, అంత ఖాళీ ముందే వదలాలి. కూలర్ మోటార్లు వద్దు. వాటి ఇనుప షాఫ్ట్ ఉప్పునీటికి తుప్పు పడుతుంది, లోపల రాగి బయటపడితే పగడాలకీ రొయ్యలకీ విషమే. అన్నిటికన్నా ముఖ్యం కరెంటు. ఉప్పునీళ్లలో కరెంటు ఇట్టే పాకుతుంది. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ లేకుండా ఎవరూ ప్లగ్ పెట్టకూడదు, అందులోనూ పిల్లలున్న చోట.

మన జిల్లా విద్యాశాఖ అధికారులకు నా విజ్ఞప్తి ఇది. స్కూలు పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసుకోవడానికి 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకి ఒక్కో స్కూలుకి 20 లక్షల దాకా గ్రాంటు ఇచ్చారు. ఆ ల్యాబులున్న స్కూళ్లలో ఇలాంటి ట్యాంకు ఒకటి పిల్లల చేతే చేయించాలి. మంగినపూడి, సూర్యలంక వెళ్లొచ్చిన మన పిల్లలకి అలలు తెలుసు. నదులు తెచ్చే ఒండ్రు వల్ల మన తీరంలో పగడపు దిబ్బలు పెరగవు కాబట్టి వాటి బతుకు తెలియదు. ఆ ట్యాంకులో పగడాలు పెట్టాల్సిన పని లేదు. విశాఖలోనూ కేంద్రం ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీ అనిమోన్‌ల మధ్య బతికే క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించే పద్ధతిని ఎప్పుడో అభివృద్ధి చేసింది. హేచరీ చేపపిల్లలు రెండు, ఒక సీ అనిమోన్ చాలు. అటవీ శాఖ వారు కూడా అక్వేరియం షాపుల్లో ఒక్కసారి తనిఖీ చేసి, రాతి పగడాలు అమ్మడం నేరమని తెలుగులో బోర్డు పెట్టించాలి.

ఈసారి జిల్లా సైన్స్ ఫెయిర్ సర్క్యులర్‌లో ఈ అంశం చేరిస్తే, దసరా సెలవుల్లోనే పిల్లలు పైపులు కోయడం మొదలుపెట్టొచ్చు.

— ఒక రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచర్,
సత్యనారాయణపురం, విజయవాడ