ఊరే చమురును నమ్ముకోగలమా?

సంపాదకులు గారికి,

చమురు ధరలు పెరిగినప్పుడల్లా, భూమి లోతుల్లో చమురు నిరంతరం తయారవుతూనే ఉంటుందనీ, ఖాళీ అయిన క్షేత్రాలు వాటంతటవే నిండుతాయనీ, కొరత అన్నది కంపెనీలు అల్లిన కథ అనీ ఒక వాదన వినబడుతుంది. దానికి ఎక్కువగా చూపే సాక్ష్యం, మెక్సికో సింధుశాఖలో లూసియానా తీరానికి ఆవల ఉన్న యూజీన్ ఐలాండ్ 330 క్షేత్రం. ఆ సాక్ష్యాన్ని కొట్టిపారేయనక్కర్లేదు గానీ, అది చెప్పే సంగతి వేరు.

1971లో కనుగొన్న ఆ క్షేత్రంలో రోజుకు సుమారు 15,000 బ్యారెళ్ల దాకా వెళ్లిన ఉత్పత్తి 1989 నాటికి 4,000 దగ్గరికి పడిపోయి, తర్వాత మళ్లీ 13,000కు చేరిందని 1999లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. కొత్తగా వచ్చే చమురు రసాయన స్వభావం మునుపటిదానికి కాస్త తేడాగా ఉండటం గమనించిన శాస్త్రవేత్తలు, అది లోతు నుంచి భ్రంశం, అంటే రాతిపొరల్లోని పెద్ద చీలిక, వెంట పైకి ఎగబాకుతోందని భావించారు. అయితే ఆ చమురు ఎక్కడ పుట్టిందో అందులోని అణువులే చెబుతున్నాయి. దాన్ని పట్టి ఉంచిన ఇసుక పొరలు భూగర్భ కాలమానంలో నిన్నమొన్నటివి. అది పుట్టిన మూలశిలలు మాత్రం డైనోసార్ల కాలం నాటి సముద్రపు అవక్షేపాలు. అంటే అక్కడ జరిగింది పాత చమురు కింది అర నుంచి పై అరకు మారడమే. 1993లో ఆ భ్రంశంలోకే ఒక బావి తవ్వి చూస్తే ఆశించినంత చమురు రాలేదు.

జీవపదార్థంతో నిమిత్తం లేకుండా చమురు పుడుతుందన్న సిద్ధాంతాన్ని గట్టిగా వాదించిన ఖగోళ శాస్త్రవేత్త థామస్ గోల్డ్ మాట మీద, 1980లలో స్వీడన్‌లోని సిల్యాన్ ఉల్కాగర్తంలో గ్రానైటును ఆరు కిలోమీటర్లకు పైగా తొలిచారు. అమ్మడానికి పనికొచ్చే చమురు దొరకలేదు. చమురులో కనిపించే జీవాణువుల జాడలు లోతుల్లోని సూక్ష్మజీవుల వల్ల వచ్చినవేనని ఆయన వివరణ. కానీ జర్మన్ రసాయనవేత్త ఆల్‌ఫ్రెడ్ ట్రీబ్స్ 1930లలోనే ముడిచమురులో పత్రహరితం నుంచి వచ్చిన పోర్ఫిరిన్లు అనే అణువులను గుర్తించాడు. ఎండపొడ సోకని పాతాళంలో పత్రహరితంతో ఏ జీవికి పని? ఈ ఒక్క ప్రశ్నకు సూటి జవాబు నాకు ఇంతవరకు కనబడలేదు. కెనడా గనుల్లో జీవసంబంధం లేని మీథేన్ దొరికిన మాట నిజమే గానీ, అది కొద్దిపాటి వాయువు, చమురు క్షేత్రం కాదు.

ఇక వేగం సంగతి. ప్రపంచం రోజుకు దాదాపు 10 కోట్ల బ్యారెళ్లు వాడుతోంది. కింది నుంచి ఎంతో కొంత ఊరినా, ఈ తోడకానికి అది ఏ మూలకు? మన కృష్ణా గోదావరి బేసిన్‌లోని డి6 అనే గ్యాసు క్షేత్రంలో 2010లో శిఖరానికి చేరిన గ్యాసు ఉత్పత్తి నాలుగైదేళ్లలోనే పడిపోయింది. తర్వాత ఉత్పత్తి కోలుకున్నది పక్కనున్న వేరే నిక్షేపాలను అభివృద్ధి చేసినందువల్లే గానీ, పాతవి తిరిగి నిండి కాదు. ముడిచమురు అవసరాల్లో 85 శాతానికి పైగా దిగుమతుల మీద ఆధారపడిన దేశం, విశాఖపట్నంలో రాతి గుహ తొలిచి నిల్వలు దాచుకుంటున్న దేశం, ఊరుతుందన్న భరోసాతో ప్రణాళికలు వేసుకోలేదు.

ఇకపై ఏదైనా క్షేత్రం తిరిగి నిండిందన్న వార్త వచ్చినప్పుడు, అక్కడి పీడనం నిజంగా పెరిగిందా, లేక కొత్త బావుల వల్లో, నిల్వల అంచనా సవరించడం వల్లో అంకెలు మారాయా అన్నది కూడా అడిగి ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాకినాడ