బయాప్సీతో పాటే జన్యు పరీక్ష కూడా జరగాలి: తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మా అమ్మ జీవితంలో ఒక్క బీడీ ముట్టలేదు. దగ్గు తగ్గక, మనిషి చిక్కిపోతుంటే టీబీ అన్నారు. తెమడ పరీక్షలో ఏమీ రాకపోయినా, ఎక్స్‌రేలో మచ్చ ఉందని ఐదు నెలలు టీబీ మందులు వాడించారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి, ఆయాసంతో పడుకోలేని స్థితి వచ్చాక బయాప్సీ తీస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అప్పటికే నాలుగో దశ.

క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు మారిందేమో చూసే టెస్ట్ బయట ల్యాబ్‌లో చేయించుకోమన్నారు. అమ్మ బయాప్సీ బ్లాక్‌ను, అంటే తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన చిన్న దిమ్మను, చేతిసంచిలో పెట్టుకుని నేనే బస్సులో తీసుకెళ్లాను. రిపోర్టు మూడు వారాలకు వచ్చింది. ఈలోగా ఒక కీమో అయిపోయింది. తీరా చూస్తే ఎగ్జాన్ 19 డిలీషన్ అనే ఈజీఎఫ్ఆర్ మార్పు, అంటే రోజూ వేసుకునే మాత్రతో అదుపులోకి వచ్చే రకం.

కణం పెరగాలని చెప్పే స్విచ్ ఆగకుండా వెలుగుతూ ఉండిపోవడమే ఈ మార్పు. దీనికీ మాత్రలకూ ఉన్న సంబంధం 2004లోనే తెలిసింది. మన దేశంలో అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవారిలో దాదాపు నాలుగో వంతు మందికి ఏదో ఒక ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. పొగ తాగని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ.

జెఫిటినిబ్ అనే ఆ మాత్రతో అమ్మ పదమూడు నెలలు బాగుంది. మళ్లీ వంట చేసింది, పొలం దాకా నడిచింది. తర్వాత మందు పనిచేయడం మానేసింది. ఇలాంటి వారిలో సుమారు సగం మందికి టీ790ఎం అనే కొత్త మార్పు వస్తుంది, దానికి ఒసిమెర్టినిబ్ అనే మందు ఉంది. కొందరిలో క్యాన్సర్ స్మాల్ సెల్ రకంగా మారి ఉధృతమవుతుంది, అప్పుడు కీమోయే వేరు. ఏది జరిగిందో మళ్లీ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. రెండో బయాప్సీకి అమ్మ ఒంట్లో శక్తి లేదు, రక్తంతో చేసే పరీక్షకు మా దగ్గర డబ్బు లేదు. ఏం మారిందో తెలియకుండానే అమ్మ పోయింది.

2024 బడ్జెట్‌లో కేంద్రం ఒసిమెర్టినిబ్‌పై కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. సంతోషమే. కానీ ఆ మందు ఎవరికి పనికొస్తుందో చెప్పాల్సింది పరీక్షే కదా సార్.

టీబీ కోసం తెమడ శాంపిళ్లు పల్లెల నుంచి ల్యాబ్‌లకు వెళ్తున్నాయి. అలాగే జిల్లా ఆసుపత్రుల నుంచి బయాప్సీ బ్లాకులు హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి ప్రభుత్వమే పంపించాలి. ఈజీఎఫ్ఆర్, అలాంటిదే మరో జన్యువైన ఏఎల్‌కే పరీక్షల ఫలితాలు మొదటి కీమోకు ముందే డాక్టర్ చేతికి రావాలి. మందు పనిచేయడం మానేసినప్పుడు మళ్లీ చేసే పరీక్ష, రక్తంతో చేసేదైనా సరే, పేదవారికి పూర్తిగా ఉచితంగా అందాలి. ఇందుకు ఉత్తర్వు ఇవ్వమని వేడుకుంటున్నాను.

అమ్మ బ్లాక్ ఇంకా మా బీరువాలోనే ఉంది.

ఇట్లు,
ఒక కూతురు, నల్గొండ జిల్లా