పాముకాటు మందు పల్లె ఆసుపత్రిలోనే మొదలుపెట్టాలి

సంపాదకులకు,

వానలు పడి నాట్లు మొదలయ్యాయంటే ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పల్లెల్లో పాముకాట్ల భయం కూడా మొదలైనట్టే. కాటు పడినవాళ్లను దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళితే ఒక టీటీ ఇంజెక్షను పొడిచి, పెద్దాసుపత్రికి చీటీ రాసి పంపేసే అలవాటు మారాలి. ప్రాణాలు పోయేది ఆ దారిలోనే.

పాము విషానికి విరుగుడు ఏఎస్‌వీ (యాంటీ స్నేక్ వెనమ్) ఒక్కటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఇదే మందు. అందుకని పామును వెతికి చంపి సంచిలో వేసుకురావడం వృథా, పైగా ప్రమాదం. తెగిన తల కూడా కాసేపటి వరకు కాటేస్తుంది. పొడి మందును ఒక్కో సీసాకు 10 మి.లీ. శుద్ధజలంతో, గట్టిగా కుదపకుండా మెల్లగా తిప్పుతూ కరిగించాలి. 8 నుంచి 10 సీసాలు సెలైన్‌లో కలిపి గంటలోపు ఎక్కించాలి. పిల్లలకూ అంతే మోతాదు. పిల్లవాడు చిన్నవాడని పాము విషం తగ్గించి వదలదు కదా!

అయితే కాటుపడిన ప్రతివారికీ ఇది అక్కర్లేదు, విషం ఎక్కని కాట్లూ ఉంటాయి. పింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఆ సంగతి తేల్చడానికి పెద్ద ల్యాబ్ ఏమీ అక్కర్లేదు, ఒక గాజు పరీక్షనాళిక చాలు. అందులో 2 మి.లీ. రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. నీళ్లలా జారితే వెంటనే మందు మొదలుపెట్టాలి. ఇక్కడే తప్పు జరుగుతుంది. ప్లాస్టిక్ గొట్టంలోనో, సబ్బుపొడితో కడిగిన గాజులోనో పోస్తే ఆరోగ్యవంతుడి రక్తం కూడా సరిగా గడ్డకట్టదు. కొత్త, పొడి గాజునాళిక మాత్రమే వాడాలి.

కట్లపాముది వేరే తీరు. రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతులు, ఆపైన కనురెప్పలు వాలిపోవడం. దీన్ని గ్యాస్ నొప్పి అనుకుని గోలీ మింగించి కూర్చోబెడితే మధ్యాహ్నానికి ఊపిరి ఆగిపోవచ్చు. అలాంటివారికి మందుతోపాటు, దారిపొడవునా అంబుబ్యాగ్‌తో (చేత్తో నొక్కుతూ గాలి పంపే సంచి) ఊపిరి అందించే మనిషి కావాలి. మంచంమీద పడుకుని, దోమతెర అంచులు పరుపుకింద దోపుకుంటే ఈ కాటు చాలావరకు తప్పుతుంది.

ఏఎస్‌వీ మొదలుపెట్టడానికి సిబ్బంది జంకేది రియాక్షన్‌కి. ఆ భయం నిజమైనదే, కానీ దానికి మందు ఉంది. అడ్రినలిన్ 0.5 మి.గ్రా. సిరంజిలో ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. ఒంటిమీద దద్దుర్లు, వణుకు, ఆయాసం కనిపించగానే డ్రిప్ ఆపి తొడ కండరంలో ఇవ్వాలి. కుదుటపడ్డాక నెమ్మదిగా మళ్లీ ఎక్కించాలి. పిల్లలకు మాత్రం అడ్రినలిన్ బరువును బట్టి, కిలోకు 0.01 మి.గ్రా. చొప్పున ఇవ్వాలి.

చింతచెట్టు మీద పట్టు కదిలి తేనెటీగలు ముసిరినప్పుడూ, కందిరీగ కుట్టి గొంతు వాచి బీపీ పడిపోయినప్పుడూ ప్రాణం నిలబెట్టేది ఈ అడ్రినలిన్ సూదే. తేనెటీగ ముల్లు చర్మంలోనే ఉండిపోయి విషం వదులుతూ ఉంటుంది కాబట్టి గోటితోనో అట్టముక్కతోనో వెంటనే గీకేయాలి. పదులకొద్దీ ఈగలు కుట్టినవారిని కనీసం ఒకరోజు ఆసుపత్రిలో ఉంచి మూత్రం రంగు చూడాలి. టీ డికాక్షన్‌లా నల్లబడిందంటే కిడ్నీలు దెబ్బతింటున్నట్టే.

ఇంటివాళ్లు చేయాల్సింది కొంచెమే. కరిచిన కాలిని కర్రతో కట్టు కట్టి కదలకుండా చూడాలి. నడిపించకూడదు, బైకు మీద తూగుతూ తీసుకెళ్లకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఉంగరాలు, పట్టీలు తీసేయాలి. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం వద్దు. ఎవరైనా అప్పటికే తాడు కట్టేసి ఉంటే దారిలో విప్పొద్దు. ఒక్కసారిగా వదిలితే ఆగిన విషం ఒళ్లంతా పాకుతుంది. సెలైన్ పెట్టాక ఆసుపత్రిలోనే విప్పాలి.

2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేలమంది పాముకాటుతో చనిపోయారని అంచనా. 2030 నాటికి ఈ చావులను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. అది మన జిల్లాలో జరగాలంటే జిల్లా వైద్యాధికారులు చేయించాల్సిన పనులు చిన్నవే. ప్రతి కేంద్రంలో రాత్రీపగలూ కనీసం 20 సీసాల ఏఎస్‌వీ, అడ్రినలిన్, గాజునాళికలు, అంబుబ్యాగ్ ఉండాలి. విషం ఎక్కిన లక్షణాలుంటే తొలి మోతాదు మొదలుపెట్టకుండా ఎవరినీ పెద్దాసుపత్రికి పంపకూడదు. చీటీమీద మందు మొదలుపెట్టిన సమయం రాయాలి. సీసాలెన్ని ఉన్నాయో, ఏ నెలతో గడువు తీరుతుందో గేటు దగ్గర బోర్డుమీద రోజూ రాయాలి. తొలకరికి ముందే ఆ బోర్డులు వేయించాలని కోరుతున్నాం.

— కొందరు గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలు,
విశాఖపట్నం జిల్లా