వేటకు పోయినవాడి ఓటు: కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఒడిశాలోని గంజాం జిల్లా తీరం నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆంధ్ర సరిహద్దు దగ్గరి సోన్‌పూర్ మొదలుకొని గోపాల్‌పూర్ మీదుగా ఋషికుల్య నది మొగ దాకా ఉన్న జాలరి పేటల్లో చాలా ఇళ్లలో మాట తెలుగే. ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలంటారు. మా ఓట్లు బరంపురం లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నాయి. మీ శాఖను అడిగేది ఒక్కటే. పని కోసం ఊరు దాటిన మనిషి తానున్న చోటి నుంచే తన ఊరి ఓటు వేసేలా చట్టం మార్చండి.

మావాళ్లు ఊరు ఎందుకు వదులుతారో ముందు చెప్పాలి. తీరం కోతకు గురై పొడంపేట లాంటి చోట్ల ఇళ్లు సముద్రం పాలయ్యాయి. ఋషికుల్య మొగకు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కాబట్టి ఏటా నవంబర్ 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల వేట ఆపేస్తారు. తాబేళ్లను కాపాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ ఏడు నెలలూ ఇల్లు గడవాలి కదా. అందుకని కుర్రాళ్లు పారాదీప్, విశాఖ, చెన్నై రేవులకు పోతారు. ఇంకొందరు పడమటి తీరానికి, కర్ణాటకలోని మంగళూరు, మల్పె బోట్ల మీదికి పోతారు. జాలరి పేటలు దాటి లోపలి ఊళ్లకు వెళితే అక్కడ ఇంటికొకరు సూరత్ మగ్గాల మీద ఉంటారు. అది ఇంకా పెద్ద కథ.

తూర్పు తీరంలో మరబోట్ల వేటకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం. పడమటి తీరంలో అది జూన్ 1న మొదలై జూలై 31 దాకా ఉంటుంది. 2024లో మాకు పోలింగ్ మే 13న పడింది. ఆ రోజుకి విశాఖ, పారాదీప్ బోట్లు ఒడ్డున కట్టేసి ఉన్నాయి కాబట్టి వాటి మీద పనిచేసే కుర్రాళ్లు ఇళ్ల దగ్గరే ఉన్నారు. మల్పె బోట్లకేమో అప్పటికింకా సీజనే. అవి ఒడ్డు పట్టేది జూన్ 1న, ఫలితాలొచ్చింది జూన్ 4న. ఒకే పేటలో పుట్టి పెరిగిన ఇద్దరిలో ఒకడికి ఓటు దక్కి ఇంకొకడికి దక్కకపోవడానికి కారణం, వాళ్లు ఎక్కిన బోటు ఏ తీరానిదన్నదే.

ఆ రోజు మా బూత్‌లో ఆడవాళ్ల వరుస బడి గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. పక్కన మగవాళ్ల వరుస చిన్నది. ఒక పెద్దావిడ తన కార్డుతో పాటు కొడుకు ఓటరు కార్డు కూడా కొంగున ముడేసుకుని తెచ్చింది. లోపలికి వెళ్లాక రెండూ బల్ల మీద పెట్టి, "మావాడు బోటు మీదున్నాడు బాబూ, వాడిది కూడా నేనే ఎయ్యనా?" అని అడిగింది. కుదరదమ్మా అని పోలింగ్ అధికారి మర్యాదగానే చెప్పారు. ఆయన చెప్పింది సరైనదే. ఆవిడ కొడుకు కార్డును మళ్లీ ముడేసుకుని తన ఓటు తాను వేసి బయటికి వచ్చింది.

కానీ అదే కొడుకు సైన్యంలో ఉంటే ఆవిడ అడిగింది చట్టప్రకారం కుదిరేది. సైనికులు తమ బదులు ఓటు వేయడానికి ఊళ్లో ఒక మనిషిని నియమించుకోవచ్చని 2003లోనే చట్టం సవరించారు. 2016 నుంచి వాళ్లకు బ్యాలెట్ ఆన్‌లైన్‌లో వెళుతోంది. కశ్మీర్ లోయ విడిచి రావాల్సి వచ్చినవాళ్ల కోసం జమ్మూ, ఉధంపూర్, ఢిల్లీల్లో ప్రత్యేక బూత్‌లు పెట్టి సొంత నియోజకవర్గం ఓటే వేయిస్తున్నారు. 2024లో 85 ఏళ్లు దాటినవాళ్ల ఇళ్లకు పోలింగ్ సిబ్బందే వెళ్లారు. విదేశాల్లో ఉన్న భారతీయుల తరఫున ఇక్కడ ఇంకొకరు ఓటు వేసేందుకు తెచ్చిన బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభలో పాసైంది, ఆ సభ గడువు ముగియడంతో మురిగిపోయింది. ఇవన్నీ మంచి పనులే. అవసరం కనబడిన చోటల్లా చట్టం మెట్టు దిగి వచ్చింది. దేశం లోపలే రాష్ట్రం మారి కూలి చేసుకునేవాడి దగ్గరికి మాత్రం ఇంతవరకూ రాలేదు.

పోటీ చేసేవాళ్ల విషయంలో మన చట్టం ఎంత ఉదారంగా ఉందో చూడండి. దేశంలో ఏ నియోజకవర్గంలో ఓటున్నా ఇంకే రాష్ట్రం నుంచైనా లోక్‌సభకు నిలబడవచ్చు. ఒకేసారి రెండు చోట్ల కూడా నిలబడవచ్చు. 1996లో పి.వి. నరసింహారావు గారు నంద్యాల నుంచి, మా బరంపురం నుంచి పోటీ చేసి రెండు చోట్లా గెలిచారు, మా బరంపురాన్నే ఉంచుకున్నారు. మా పెద్దవాళ్లు ఆ మాట ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. నాయకుడికి దేశమంతా సొంత ఊరే అన్న చట్టం ఓటరుకు వచ్చేసరికి, ఆ ఒక్క రోజు, ఆ ఒక్క బడికి వస్తేనే అంటోంది.

పోలింగ్ రోజు జీతంతో సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి సెక్షన్ ఉంది కదా అంటారు. ఇవ్వని యజమానికి గరిష్ఠంగా 500 రూపాయల జరిమానా. పైగా మనిషి పనిలో లేకపోతే ప్రమాదమో పెద్ద నష్టమో జరిగే చోట ఆ సెలవు వర్తించదని అదే సెక్షన్ చెబుతోంది. నడిసముద్రంలో బోటు మీదున్నవాడికి అది ఎలాగూ వర్తించదు. వర్తించినా మల్పె నుంచి గంజాం వచ్చి పోవడానికి ఒక రోజు సెలవు ఏ మూలకు? సీజన్ మధ్యలో బోటు దిగినవాడికి వాటా పోతుంది, తీసుకున్న అడ్వాన్సు మెడ మీద ఉంటుంది.

ఓటును మల్పెకే మార్చుకోవచ్చు కదా అన్నవాళ్లూ ఉన్నారు. బోటులోనే వండుకుని బోటులోనే పడుకునేవాడు ఏ డోర్ నంబరు చూపిస్తాడు? చూపించినా, వాడి బాధలు అక్కడివి కావు. కోతకు గురయ్యే ఒడ్డు, ఇంటి పట్టా, పిల్లల బడి, తాబేళ్ల నిషేధానికి పరిహారం, అన్నీ ఇక్కడే ఉన్నాయి. వాటి గురించి ఇక్కడ గెలిచేవాళ్లనే కదా నిలదీయాలి.

ఇంకో విషయం మీరు తప్పకుండా పట్టించుకోవాలి. ఒడిశాలో లోక్‌సభకు, అసెంబ్లీకి ఒకే రోజు ఓటు వేస్తాం. ఆ రోజు ఊళ్లో లేనివాడికి రెండు ఓట్లూ పోతాయి, మళ్లీ ఐదేళ్ల దాకా అంతే. దేశమంతా ఇలాగే ఒకేసారి ఎన్నికలు జరపాలని 2024 డిసెంబర్‌లో 129వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టింది మీ శాఖే. దాని మంచిచెడ్డల జోలికి ఈ ఉత్తరంలో నేను పోను. అది చట్టమైతే మాత్రం ఇవాళ మాకు జరుగుతున్నది దేశంలోని వలస కూలీలందరికీ జరుగుతుంది. కాబట్టి ఆ బిల్లు కంటే ముందు, కనీసం దానితో పాటు, వలస ఓటరు బిల్లు రావాలి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 2019లో 67.4 శాతం మందే ఓటు వేశారని, దాదాపు 30 కోట్ల మంది వేయలేదని, వలస అందుకు ఒక పెద్ద కారణమని ఎన్నికల సంఘమే 2022 డిసెంబర్‌లో చెప్పింది. ఒకే యంత్రం మీద 72 నియోజకవర్గాల ఓట్లు వేయించవచ్చని నమూనా తయారుచేసి, 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. పార్టీలు అనుమానాలు లేవనెత్తాయి. విషయం అక్కడే ఆగింది. పార్టీల అనుమానాలు పూర్తిగా కొట్టిపారేయదగ్గవి కావనే నా అభిప్రాయం. ఇప్పుడున్న యంత్రం మీదే ఇంత గొడవ జరుగుతుంటే కొత్త యంత్రాన్ని నమ్మించడానికి ఏళ్లు పడుతుంది. అందాకా మావాళ్లు ఆగక్కర్లేదు, కాగితం బ్యాలెట్‌తోనే మొదలుపెట్టవచ్చు.

నామినేషన్ల ఉపసంహరణకు, పోలింగ్‌కు మధ్య కనీసం 14 రోజులు ఉండాలని చట్టం ఇప్పటికే చెబుతోంది. ఆ రోజుల్లో పెద్ద రేవుల్లో, మగ్గాల పేటల్లో ఒక ఓటు కేంద్రం తెరవండి. సైనికులకు పంపినట్టే ఆన్‌లైన్‌లో బ్యాలెట్ పంపి, అక్కడే అధికారి ముందు అచ్చు తీసి ఇవ్వండి. మనిషి తెర వెనక్కి వెళ్లి ఓటు వేసి, కవరు అంటించి పెట్టెలో వేస్తాడు. ఆ కవర్లు లెక్కింపు లోపల మా రిటర్నింగ్ అధికారికి చేరాలి. 2024లో మాకు పోలింగ్‌కు, లెక్కింపుకు మధ్య మూడు వారాలున్నాయి. కేంద్రం ఒక్క రోజు తెరిస్తే లాభం లేదు, బోటు ఒకసారి వెళితే వారం పది రోజుల దాకా రాదు. కనీసం పది రోజులు తెరిచి ఉంచాలి. అది ప్రభుత్వ బడిలోనో పోస్టాఫీసులోనో ఉండాలి కానీ బోటు యజమాని షెడ్డు పక్కన ఉండకూడదు. ఎవరికి వేశావని అడిగే మనిషి కనుచూపు మేరలో ఉంటే అది ఓటు కాదు. పెట్టె మీద కెమెరా పెట్టి, ఆ రికార్డు చిన్నాచితకా స్వతంత్ర అభ్యర్థులు అడిగినా ఇవ్వాలి, మల్పెకు ఏజెంట్‌ను పంపే తాహతు వాళ్లకుండదు. 2024 డిసెంబర్‌లో ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 93వ నిబంధన మార్చి ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డులు జనానికి అందకుండా చేశారు. ఈ కేంద్రాల విషయంలో దాన్ని సడలించండి.

దొంగ ఓట్లు పడతాయన్న భయానికి కూడా జవాబుంది. బయట ఓటు వేస్తానని ముందే నమోదైనవాడి పేరు పక్కన ఊరి జాబితాలో గుర్తు పెడితే ఇక్కడ ఎవరూ ఆ ఓటు వేయలేరు. మనిషిని గుర్తుపట్టడం అసలు సమస్యే కాదు. 2008 ముంబై దాడుల తర్వాత సముద్రంలో వేటాడేవాళ్లందరికీ బయోమెట్రిక్ కార్డులు మొదలుపెట్టారు. మా రేషన్ కార్డు ఇవాళ ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతోంది. 2020 మేలో కరోనా లాక్‌డౌన్ అప్పుడు సూరత్ నుంచి జగన్నాథపూర్ స్టేషన్‌కు శ్రామిక్ రైళ్లు వచ్చినప్పుడు, తిరిగొచ్చేవాళ్ల పేర్లను మా పంచాయతీల్లో ముందే రాసుకున్నారు. ఆ కష్టకాలంలో రాయగలిగిన పేర్లు ఎన్నికలప్పుడు రాయలేమా? వేటకు, కూలికి వెళ్లేవాళ్ల కోసం పంచాయతీలో ఒక రిజిస్టర్ ఉంటే చాలు.

ఆ రిజిస్టర్ ఇంకో ప్రమాదం నుంచి కూడా కాపాడుతుంది. బీహార్‌లో 2025లో ఓటర్ల జాబితా సవరించినప్పుడు ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. అందులో సుమారు 36 లక్షల మందిని ఊరు మారినవాళ్లు, దొరకనివాళ్లు అని రాశారు. కొంతకాలం ఊళ్లో లేనంత మాత్రాన మనిషి అక్కడి నివాసి కాకుండా పోడని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. కానీ తలుపు తట్టే ఉద్యోగికి తాళమే కనిపిస్తుంది, సెక్షన్ కనిపించదు. పేరు తీసేముందు సంజాయిషీ అడగాలన్న నిబంధన ఉన్నా ఆ నోటీసు వచ్చేది మూసిన ఇంటికే. పంచాయతీ రిజిస్టర్‌లో ఉన్న మనిషి పేరును ఊరు మారాడన్న కారణంతో తీయకూడదని చట్టంలోనే రాయండి. విచారణ ఫోన్‌లో జరిపినా చెల్లుతుందని కూడా రాయండి. మా పేటల్లో ఆ నోటీసు ఒడియాతో పాటు తెలుగులో కూడా ఇస్తే మా అమ్మలు చదివించుకోగలరు.

2029 ఎన్నికల లోపు దేశమంతా ఇది చేయలేకపోతే రెండు చోట్ల చేసి చూడండి. మంగళూరు, మల్పె రేవుల్లో ఒక కేంద్రం గంజాం, శ్రీకాకుళం జాలరుల కోసం. సూరత్‌లో ఒక కేంద్రం గంజాం మగ్గం కార్మికుల కోసం. బిల్లు ముసాయిదా రాసే అధికారులను జనవరి, ఫిబ్రవరిల్లో మల్పె రేవుకు పంపండి. బోట్లు తిరిగొచ్చి చేప దించే వేళకు వెళితే తెలుగు, ఒడియా మాటలు వాళ్లకే వినిపిస్తాయి. అక్కడ ఎవరిని అడిగినా తన బూత్ ఏ బడిలో ఉందో, చివరిసారి ఎప్పుడు ఓటు వేశాడో చెబుతాడు.

ఇట్లు,
బరంపురం నియోజకవర్గం ఓటరు,
గోపాల్‌పూర్ తీరంలోని ఒక జాలరి ఇంటి మనిషి