ఈ కొస నుంచి ఆ కొసకు సిటీ బస్సులో

సంపాదకులకు,

మహానగరాన్ని తీరిగ్గా చూడాలంటే ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లే సిటీ బస్సును మించింది లేదు. బస్సు బయలుదేరే చోటే ఎక్కాలి, అప్పుడే కిటికీ సీటు దక్కుతుంది. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 లోపు రద్దీ తక్కువ.

వెనక చక్రాల మీది సీట్లు, వాటి వెనకవి వద్దు. ఇరుసు దాటి వేలాడే భాగం గతుకు తగిలినప్పుడల్లా ఎగిరిపడుతుంది. రెండు ఇరుసుల నడుమ కూర్చుంటే నడుము బతుకుతుంది. పొద్దున ఉత్తరానికి వెళ్తుంటే ఎండ కుడివైపు, సాయంత్రం ఎడమవైపు.

కిక్కిరిసిన బస్సు వస్తే ఆగండి. అది ఆలస్యమైన కొద్దీ స్టాపుల్లో జనం పోగవుతారు, ఎక్కించుకోవడంతో ఇంకా ఆలస్యం. వెనకది ఖాళీగా వచ్చి దాన్ని అందుకుంటుంది.

ప్రతి బస్సులో స్టాపుల పట్టిక అతికించాలని రవాణా అధికారులను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు